తుంగ రామబ్రహ్మంగారి కలుపుతీత

రామబ్రహ్మంగారు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గాని, ఆయన కుడిచెయ్యి ఇంకా కాలేదు. దారి పక్కన తుంగపోచ కనిపిస్తే చాలు, ఆ చెయ్యి దానంతటదే కిందికి దిగిపోతుంది. ఆయన మాత్రం పక్కవాళ్ళతో షుగరు గురించో ట్రాఫిక్కు గురించో మాట్లాడుతూనే ఉంటారు. వంగి లేచేసరికి చేతిలో దుంపతో సహా తుంగ ఉంటుంది. దాన్ని దులిపి, వేళ్ళు పైకి వచ్చేలా గట్టు మీద పడేసి, మాట ఎక్కడ ఆపారో అక్కడే మళ్ళీ అందుకుంటారు.

ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆయన తణుకు చుట్టుపక్కల వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేశారు. ఆ ఉద్యోగంలో విత్తనాలున్నాయి, ఎరువులున్నాయి, పురుగుమందులున్నాయి, పైనుంచి ఊడిపడే సర్క్యులర్లున్నాయి. కాని ఆయన మనసంతా ఒక్క శత్రువు మీదే ఉండేది. ఊరూరా రైతుల్ని పోగేసి, మడిలో దిగి, తుంగకాడ ఒకటి పైకెత్తి పాఠం మొదలుపెట్టేవారు. గడ్డి వేరు, తుంగ వేరు, నమ్మకపోతే కాడను రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూడండి, గడ్డికాడ గుండ్రంగా దొర్లుతుంది, దీనికి మూడు పలకలుంటాయి కాబట్టి మొండికేస్తుంది అనేవారు. పైన పీకితే ఏం లాభం లేదు, కింద దుంప ఉంటుంది, దుంప నుంచి దుంపకు వేరు పాకుతుంది, దాన్ని ముక్కలుగా నరికారా ఒక్కటి నాలుగవుతుంది, మడిని ఆరబెట్టి తడిపి ఆరబెట్టి తడిపి దానికి పండగ చెయ్యకండి, నిండా నీళ్ళు నిలబెట్టి ముంచండి అనేవారు. రైతులు ఆయనకు తుంగ రామబ్రహ్మం అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నారు.

భార్య పుణ్యవతిగారు ఈ యుద్ధాన్ని వేరే రకంగా చూసేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన పడుకునేది తుంగచాప మీదే. పగలంతా దాన్ని తిట్టి, రాత్రంతా దాని మీదే గురకపెట్టే మనిషిని ఏమనాలో తనకు తెలియదని ఆవిడ చుట్టాలందరి దగ్గరా చెప్పుకునేవారు.

రిటైరయ్యాక ఇద్దరూ గచ్చిబౌలిలో కొడుకు బాలు, కోడలు జయంతి ఉంటున్న అపార్టుమెంటుకు వచ్చేశారు. దాని వెనకాలే ఒక కుంట. ఫ్లాట్లు అమ్మే రోజుల్లో రంగుల కాగితాల మీద దాన్ని సరస్సు అన్నారు. అక్కడి పాతవాళ్ళు బర్లకుంట అంటారు, బర్లంటే గేదెలు. మూడు వైపులా అద్దాల ఆఫీసులు నిలబడి ఉంటాయి. నాలుగో వైపున నడుమెత్తు తుంగ. కాడ కొసన గొడుగు విప్పినట్టు ఆకులు, ఆ ఆకుల నడుమ గోధుమరంగు పూగుత్తులు. మరీ లోతు నీళ్ళలోకి అది పోదు, పూర్తిగా ఎండిన నేల మీదికీ రాదు. ఈ రెంటికీ మధ్య, నీళ్ళు వచ్చి పోతుండే నల్లబురదలో దాని కాపురం. అందులో నీటికోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంటాయి, కప్పలు అరుస్తుంటాయి, పూగుత్తుల మీద తూనీగలు వాలి లేస్తుంటాయి. రామబ్రహ్మంగారికి బాల్కనీలోంచి ఈ కోళ్ళూ తూనీగలూ ఏమీ కనబడేవి కావు. దిగి ఒక్క వారం పనిచేస్తే మొత్తం తేలిపోతుంది కదా అని కాఫీ తాగుతూ లెక్కలు వేసుకునేవారు. కుంట మనది కాదు నాన్నా, దిగితే పోలీసులొస్తారని బాలు ముందే భయపెట్టి ఉంచాడు.

ఊరు కాని ఊళ్ళో ఆయన్ని బాధపెట్టింది ట్రాఫిక్కు కాదు, కొనుక్కునే నీళ్ళూ కావు. ఆయనకు తెలిసింది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. అక్కడ ఊళ్ళో అడుగుపెడితే సార్ సార్ అంటూ పదిమంది వెంటపడేవారు. ఇక్కడ వాచ్‌మన్ కూడా అంకుల్ అంటాడు. కోడలు మంచి పిల్ల, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దున్నే మావయ్యగారూ ట్యాబ్లెట్ వేసుకున్నారా అని అడగందే గడప దాటదు. కాని అదొక్కటే అడుగుతుంది. ఆయన నేల గురించో నీటి గురించో ఒక మాట మొదలుపెడితే, సగంలో ఆమె ఫోను మోగుతుంది. ఆయనకు తెలిసిన సంగతి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆ పిల్ల నోరు తెరిచి అడిగితే బాగుండునని ఆయనకు ప్రాణం కొట్టుకుపోయేది.

ఒకసారి బాలు వాళ్ళ ఆఫీసులో కుటుంబాల పండగ జరిగింది. లోపలికి అడుగుపెట్టగానే పాలరాతి నేల, చల్లగాలి, పెద్ద పింగాణీ కుండీ. కుండీలో గొడుగుల్లాంటి ఆకులతో తుంగజాతి మొక్క, ఎక్కడో విదేశాల నుంచి తెప్పించి అందానికి పెట్టారు. ఆయన బాలు పై అధికారికి ఒక చేత్తో నమస్కారం పెట్టి రెండో చెయ్యి కుండీలో పెట్టారు. సెక్యూరిటీ వాళ్ళు వచ్చేలోపు మొక్క బయటికి వచ్చేసింది. ఇంత పెద్ద కంపెనీలో కలుపు తీసే మనిషి లేకపోవడమేంటని ఆయన ఎదురు వాళ్ళనే కసిరారు. బాలు ఆ తర్వాత ఏ పండక్కీ నాన్నను పిలవలేదు.

ఇక అసలు సంగతి. జయంతి కంపెనీ ఆ కుంటను బాగుచేయిస్తామని ముందుకొచ్చింది. ఆ పని జయంతి నెత్తినేసుకుంది. రెండు ఎండాకాలాలు అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది, శని ఆదివారాలు తన తోటివాళ్ళతో కలిసి చెత్త ఏరింది. కుంటలోకి వచ్చే మురికినీటిని శుభ్రం చేసే మొక్కలు నాటబోతున్నామని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పి, ఫోనులో ఎర్రగా పసుపుగా పూసిన మెట్టతామరల ఫోటో చూపించింది. ఇంకా కొన్ని మొక్కలున్నాయి మావయ్యగారూ అంటుండగానే ఆ ఫోనే మోగింది. ఆ ఇంకా కొన్ని ఏమిటో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. నాటే శనివారం నాటికి రామబ్రహ్మంగారు, పుణ్యవతిగారు తణుకులో పెళ్ళిలో ఉన్నారు.

ఆదివారం తెల్లవారుతూనే లింగంపల్లిలో రైలు దిగారు. అపార్టుమెంటుకు చేరాక పుణ్యవతిగారినీ సామానునూ లిఫ్టు ఎక్కించి, కోడలి తోట ఎలా ఉందో చూసొస్తానని ఆయన కుంట వైపు నడిచారు.

గట్టు వెంబడి మెత్తటి బురదలో అక్కడొకటి ఇక్కడొకటి మెట్టతామరలున్నాయి. వాటి చుట్టూ, వాటి మధ్య, ఎటు చూస్తే అటు తుంగ, లేతగా, పచ్చగా, వరసల్లో. కలుపు వరసల్లో మొలవదని ఆయనకు తెలియకపోలేదు. కాని నర్సరీ మట్టితో పాటు తుంగదుంపలు రావడం ఆయన చాలాసార్లు చూసి ఉన్నారు. మట్టి వరసల్లో పోస్తే కలుపూ వరసల్లోనే వస్తుందని క్షణంలో సమాధానం చెప్పేసుకున్నారు. ఒక్క రోజులో అది జానెడు ఎలా పెరిగిందన్న అనుమానం కూడా రావాల్సింది. రాలేదు. వృత్తి, కోడలి మీద ప్రేమ, రెండూ ఒకేసారి మీద పడితే మనిషికి అనుమానాలు రావు. పాపం పిల్లలు, కంప్యూటర్ల ముందు పెరిగినవాళ్ళు, ఏది మొక్కో ఏది కలుపో వాళ్ళకేం తెలుసు, నాలుగు రోజులాగితే ఇది పూలమొక్కల్ని మింగి కూర్చుంటుంది అనుకున్నారు. చెప్పులు గట్టు మీద వదిలి, పెళ్ళికి వేసుకున్న ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, దిగారు.

బొటనవేలు బురదలోకి గుచ్చి, దుంప దగ్గర అదిమి, అరచుట్టు తిప్పి లాగడం. పద్ధతి మరచిపోలేదు, నడుం కూడా అడ్డం చెప్పలేదు. ఎండ ఎక్కేసరికి మెట్టతామరలు తప్ప ఒక్క పోచ మిగల్లేదు. పీకిన తుంగనంతా పొడి గట్టు మీద కుప్పలు పెట్టి, ఏ దుంపకూ తడి తగలకుండా, వేళ్ళన్నీ సూర్యుడికి చూపించి, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నారు. హైదరాబాదు వచ్చాక ఆయన అంత సంతోషంగా ఉన్నది ఆ పొద్దుటే.

ఇంటికొచ్చి స్నానం చేసి, కాఫీ పట్టుకుని, జయంతి లేచాక ఏమని చెప్పాలో మాట సిద్ధం చేసుకున్నారు. నీ తోటకింక ఫర్వాలేదమ్మా అని మొదలుపెడదామనుకున్నారు. కాని జయంతిని ముందు ఫోను లేపింది. గది లోంచి వచ్చి హాల్లో నిలబడిపోయింది. ఎవరో మొత్తం పీకేశారట అంది. ఆయన ఇంకా అర్థం కాక, పూలమొక్కలా అని అడిగారు.

"మెట్టతామరలు అందానికి వేసినవి మావయ్యగారూ. అసలు మొక్క తుంగే. మురికిని పట్టుకునేది దాని వేళ్ళే," అంది జయంతి. ఆ తర్వాత సోఫాలో కూర్చుని ఏడ్చింది.

ఆయన సిద్ధం చేసుకున్న మాట వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. కాఫీ గ్లాసు కింద పెట్టి, లేచి, ఎక్కడికి వెళ్ళాలో తోచక వంటింట్లోకి వెళ్ళారు. అక్కడ పుణ్యవతిగారు బురద ప్యాంటు చేత్తో పట్టుకుని ఎదురొచ్చారు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"నేను మాత్రం చెప్పనండి," అన్నారావిడ మెల్లగా. "పీకినవారే చెప్పుకోవాలి." అని ప్యాంటును బకెట్లో ముంచారు.

చెప్పాలనే ఆయన జయంతి వెనక కుంటకు వెళ్ళారు. కుప్పల్లోని లేత మొక్కలు మళ్ళీ నాటడానికి పనికిరాకుండా ఎండకు మాడిపోయి ఉన్నాయి. అప్పటికే అక్కడ ఒకే రంగు చొక్కాలు వేసుకున్న జయంతి ఆఫీసు పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి హేమంత్ కూడా వచ్చాడు. కడప వైపు మనిషి, స్థలాల వ్యాపారం, ఏ సమస్యకైనా కంచె వేయడమే మందని నమ్మినవాడు. కుంట వైపున్న కెమెరా కొన్నాళ్ళుగా వేపకొమ్మను తప్ప ఇంకేదీ చూపించడం లేదు కాబట్టి, హేమంత్ ఒక్కసారి అటూ ఇటూ చూసి గేదెలు మేశాయని తేల్చేశాడు. వెనక బస్తీలో బుచ్చమ్మ అని ఒకామె గేదెల్ని సాకుతుంది, అపార్టుమెంటులో సగం ఇళ్ళకు పాలు ఆమే పోస్తుంది. ఆమె గేదెలు రోజూ కుంటలో దిగుతాయి. కుంట చుట్టూ కంచె వేసి వాటిని రాకుండా ఆపేస్తే పీడా పోతుందన్నాడు. మరి ఈ కుప్పలేమిటని ఒక పిల్లవాడు అడిగితే, గేదెలు పీకి వదిలేస్తే గాలికి అవే కుప్పపడ్డాయన్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచిన రామబ్రహ్మంగారికి ఒళ్ళు మండిపోయింది. ఇంత శుభ్రమైన పని, ఒక్క పిల్లదుంప కూడా మట్టిలో వదలని పని, గేదెలకు అంటగడతారా? ఇది గేదె పని కాదని ఆయన గట్టిగానే అన్నారు. ఎందుకు కాదో నాలుగు కారణాలు కూడా చెప్పారు. పిల్లలంతా ఆయన వైపు తిరిగారు. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేశారని ఎవరో గుర్తుచేశారు. అయితే విచారణ ఏదో సారే చేసి వచ్చే ఆదివారం చెప్పనీ, ఆయన ఏది తేలిస్తే అదే ఖాయం అని హేమంత్ అన్నాడు. రామబ్రహ్మం సార్, రామబ్రహ్మం సార్ అని చుట్టూ వినపడింది.

ఆ సార్ అన్న మాట ఆయన చెవిలో పడి ఎన్నాళ్ళయిందో. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చి, దీన్ని చూసి, మర్యాదగా పక్కకు తప్పుకుంది.

దొంగను పట్టుకురమ్మని దొంగనే పంపారు, ఆయన వెళ్ళారు కూడా. ఆ వారమంతా నెత్తిన టోపీ, చేతిలో కర్రతో గట్టు మీద తిరిగారు. తన అడుగుల గుర్తుల పక్కనే వంగి కూర్చుని తీవ్రంగా పరిశీలించారు. పిల్లలు ఏం తేలిందని అడిగితే విచారణలో ఉందనేవారు. సాయంత్రం జయంతి ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా, ఏమైనా తెలిసిందా మావయ్యగారూ అని అడిగేది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఎదురుచూసిన ప్రశ్న, సరిగ్గా ఆయనకు మాత్రమే తెలిసిన సంగతి మీద, ఇలా వచ్చి పడింది. చెబితే ఆ పిల్ల ముందు మళ్ళీ తలెత్తుకోలేరు. చెప్పకపోతే కంచె లేస్తుంది.

మధ్యలో బుచ్చమ్మ ఇంటికే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, నా బర్లు పుట్టినకాడికెల్లి గీ కుంటలనే పంటున్నయి. కంచె ఏస్తే ఏడికి తోలుకపోవాలె? ఇగ అమ్ముకునుడే," అంది. "మీరు ఏది చెప్తె గదే ఖాయమంటున్నరు. జర మంచిగ జూసి చెప్పుండ్రి."

ఆయన చూస్తానన్నారు. మరునాడు పొద్దున పుణ్యవతిగారు ఆయన ముందు గ్లాసుడు నల్లటి డికాక్షను పెట్టారు. ఇదేమిటని అడిగితే, గేదెల్ని తోలేశాక పాలెక్కడివండీ, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి అన్నారు. ఆయన ఆ చేదంతా తాగారు. తాగుతుంటే సిగ్గేసింది, డికాక్షను వల్ల కాదు.

ఆదివారం కుంట గట్టు మీదే అందరూ చేరారు. బుచ్చమ్మ ఒక పక్కగా నిలబడింది. రామబ్రహ్మంగారు కుప్ప లోంచి ఎండిపోయిన తుంగ ఒకటి తీసి పైకెత్తారు. అంతే, ముప్పై ఏళ్ళ అలవాటు గొంతులోకి వచ్చేసింది. గేదె కొరికితే కాడ తెగి మొదలు మట్టిలో ఉంటుందన్నారు. ఇక్కడ మట్టిలో మొదలు లేదు, దుంప లేదు, దుంప నుంచి పాకిన పిల్లవేరు కూడా లేదు. గేదె అయితే పూలమొక్కల్నీ తొక్కుతుంది, ఇక్కడ మెట్టతామర ఆకు చిరగలేదు. కుప్పలు చూడండి, ఏ దుంపకూ తడి తగలదు, మళ్ళీ బతికే దారి లేదు. చెప్పేకొద్దీ ఆయన గొంతులో గర్వం పెరిగిపోతోంది, దాన్ని అదుపులో పెట్టడం ఆయన వల్ల కావడం లేదు.

"ఇది చెయ్యి తిరిగిన మనిషి పని," అన్నారు చివరికి. "జిల్లా మొత్తం మీద ఇలా తీయగలిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే గొప్ప."

"ఏ జిల్లా సార్?" అన్నాడు హేమంత్.

"పశ్చిమ గోదావరి."

"అంత దూరం నుంచి ఈడికొచ్చి ఎవరు పీకినారు సార్?"

రామబ్రహ్మంగారు బుచ్చమ్మ వైపు చూశారు. జయంతి వైపు చూడలేకపోయారు.

"నేనే," అన్నారు.

అందరూ నవ్వారు. పేద మనిషిని కాపాడటానికి పెద్దాయన నింద తన మీద వేసుకుంటున్నారని ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. సార్ మనసు ఎంత పెద్దదో చూడండి అన్నాడు హేమంత్. ఆ చప్పట్లతో ఇంటికి పోవచ్చు. కంచె రాదు, సార్ అన్న పిలుపు పోదు, పైగా రెట్టింపవుతుంది. ఆయనకా సంగతి తెలుసు. కాని నిజం చెప్పడానికి వారం రోజులు గింజుకున్న మనిషికి, తీరా చెప్పాక నమ్మకపోతే కోపం రాదా? చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, కుంట అవతలి వైపు పెరిగిన తుంగలోకి దిగి, బొటనవేలు గుచ్చి, అరచుట్టు తిప్పి లాగారు. దుంప, పిల్లదుంప, వాటి మధ్య వేరు, ఏదీ తెగకుండా చేతిలోకి వచ్చాయి. దాన్ని పట్టుకొచ్చి కుప్ప పక్కన పెట్టారు. రెండూ ఒకే చేతి పని అని చంటిపిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. చప్పట్లు ఆగిపోయాయి.

జయంతి ముందుకొచ్చింది. "ఒక్క మొక్కయినా వదిలారా మావయ్యగారూ?"

"లేదమ్మా. ఒక్కటి కూడా వదల్లేదు," అన్నారాయన. సిగ్గుతోనే అన్నారు. కాని ఆ సిగ్గులో కాస్త, రవ్వంత, గొప్ప కూడా ఉండిపోయింది. అది జయంతికి కనిపించింది. ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

కంచె మాట అక్కడితో పోయింది. బుచ్చమ్మ దండం పెడుతుందని ఆయన అనుకున్నారేమో తెలియదు, ఆమె మాత్రం పెట్టలేదు. "మీరు పీకుడేంది, నా బర్లు బద్నాం అయ్యుడేంది," అని కొంగు దులుపుకుని వెళ్ళింది. ఆమెది న్యాయమే.

ఆ తర్వాత జయంతి ఆయనతో మాట్లాడటం మానేసింది. ట్యాబ్లెట్ వేసుకున్నారా అని కూడా అడగలేదు. రోజూ విసుక్కున్న ఆ ఒక్క ప్రశ్న కోసం ఆయన పొద్దున్నే హాల్లో కూర్చుని ఎదురుచూసేవారు. ఆమె ఆయన పక్కనుంచే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేది. కాలనీలో ఎదురుపడిన పిల్లలు ఆయన్ని చూసి నవ్వాపుకునేవారు, పూలకుండీలు ఉన్నవాళ్ళు లోపల పెట్టుకునేవారు.

పీకినవాడే నాటాలని ఆయన నిర్ణయించుకున్నారు. అవతలి తుంగలో నీటికోళ్ళు గూళ్ళు పెట్టుకున్నాయి కాబట్టి దాని జోలికి మళ్ళీ పోలేదు. ఎక్కడ తుంగ ఉందో ఆ నగరంలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు, రైల్లోంచి చూసినప్పుడల్లా పళ్ళు కొరికారు మరి. హఫీజ్‌పేట్ స్టేషను దాటాక నీళ్ళు నిలిచే చోటికి వెళ్ళి గోనెసంచి నిండా తెచ్చుకున్నారు. బురద కారుతున్న సంచి చూసి బైక్ ట్యాక్సీ వాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకతను ఇందులో చేపలున్నాయా అని అడిగి, తుంగ అని చెబితే నమ్మక, సంచి విప్పి చూసి, ఏమీ అనకుండా ఎక్కించుకున్నాడు.

నాటితే బతకలేదు. మొదటిసారి నిండా నీళ్ళలో నాటారు, తెల్లారేసరికి అంతా తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మిగిలింది నీళ్ళలోనే కుళ్ళిపోయింది. రెండోసారి గట్టు మీద నాటితే ఎండిపోయింది. జీవితమంతా చావదు చావదు అని తిట్టిన మొక్క ఆయన చేతిలో రెండుసార్లు చచ్చింది. ఆయన గట్టు మీద కూలబడ్డారు. ఏడుపొచ్చింది కూడా.

జయంతి అప్పుడే ఆఫీసు నుంచి వస్తోంది, మెడలో ఐడీ కార్డు కూడా తీయలేదు. పైనుంచి చాలాసేపు చూసి, దిగి వచ్చింది. ఎండిన మొక్కల వైపు చూస్తూ అడిగింది.

"మావయ్యగారూ, తుంగ ఎలా అయితే బాగా పెరుగుతుంది?"

పెంచడం గురించి ఆయన్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు. చంపడం గురించి అయితే గంటసేపు చెప్పగలరు. అలవాటుగా అదే మొదలుపెట్టారు. నిండా నీళ్ళు పెడితే చస్తుంది, దుంపను మాత్రం ముక్కలుగా నరకకూడదు, మడిని ఆరబెట్టి తడిపి ఆరబెట్టి తడిపి అసలు చెయ్యకూడదు అన్నారు. అని, ఆగిపోయారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జయంతికి నవ్వొచ్చింది, ఆపుకోవాలని చూసింది గాని కుదరలేదు. ఆయన అప్పటికే సంచి లోంచి దుంపలు తీసి ముక్కలు చేయడం మొదలుపెట్టారు.

ఆ వారం ఆయన రైతులకు చెయ్యొద్దన్నవన్నీ ఒక్కటి వదలకుండా చేశారు. దుంపల్ని నరికారు, నీళ్ళు వచ్చి పోతుండే అంచు చూసి నల్లబురదలో గుచ్చారు, ఆరనిచ్చి తడిపారు. శనివారం జయంతీ ఆమె తోటి పిల్లలూ కూడా దిగారు. వానలు పడ్డాయి. తుంగ పట్టింది, పట్టడమంటే మామూలుగా పట్టలేదు. గట్టు వెంబడి నడుమెత్తు లేచి, మెట్టతామరల్ని ఆయన ముందే అనుకున్నట్టు మింగేసింది. కుంట అద్దంలా మెరిసిపోయిందని నేను చెప్పను. కంపు తగ్గింది, బాల్కనీ తలుపులు తెరుచుకుంటున్నారు, నీటికోళ్ళు ఇటు వైపు కూడా వచ్చి గూళ్ళు కట్టుకున్నాయి. బుచ్చమ్మ గేదెలు మధ్యాహ్నాల్లో ఎప్పట్లాగే నీళ్ళలో మునిగి ఉంటాయి, అప్పుడప్పుడూ నాలుగు పోచలు కొరికినా ఆయన చూడనట్టు ఊరుకుంటారు.

వానాకాలం చివర్లో కంపెనీ పెద్దలు బస్సులో వచ్చారు, కుంటను చూడటానికి. జయంతి వాళ్ళకు గట్టంతా తిప్పి చూపించింది. రామబ్రహ్మంగారు దూరంగా నిలబడ్డారు. కోడలు ఆయన్ని చెయ్యి ఊపి పిలిచింది. మా మావయ్యగారు, రిటైరయ్యారు, మాతోనే ఉంటారు అని అందరికీ చెప్పినట్టే ఇప్పుడూ చెబుతుందని ఆయన అనుకున్నారు.

"ఈ తుంగ నాటింది రామబ్రహ్మంగారు," అంది జయంతి. "మేము ముందు నాటిందంతా పీకిందీ ఈయనే."

వాళ్ళు నవ్వి, నిజమా అని ఆయన్నే అడిగారు. ఆయన నిజమేనన్నారు. ఎలా పీకారు, ఎలా బతికించారు, ఈ మొక్కే ఎందుకు, గడ్డికీ దీనికీ తేడా ఏమిటి అని ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలేశారు. ఆయన ఒక కాడ తెంపి, మొదటాయన చేతికిచ్చి, రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించమన్నారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో కూడా ఆయన ఏం చేశారో, ఏం చెడగొట్టారో జయంతి చెప్పినంత సరిగ్గా, అంత పొట్టిగా పదిమంది ముందు ఎవరూ చెప్పలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కాడ మీద దృష్టి పెట్టినట్టు తల వంచుకున్నారు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది, మధ్యాహ్నం మీటింగుకు ఆలస్యమవుతోందని డ్రైవరు వచ్చి తొందరపెట్టాడు.

జయంతి అతన్ని ఆగమని చెయ్యి చూపించింది. "మావయ్యగారు చెబుతున్నారు కదా," అంది.